కుడివైపు అద్దం

"తాళంచెవి ఇవ్వు, ఆర్లిస్."

"ఇవ్వను."

పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. వెర్లిన్ గొంతు పెంచలేదు. నలభై మూడేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. ఇల్లంటే ఇప్పుడు ముప్పై అడుగుల మోటార్‌హోమ్, చక్రాల మీది ఇల్లు. కోపంతో ఇంకో గదిలోకి వెళ్లిపోదామన్నా ఇంకో గది లేదు. వెర్లిన్ లేచి, స్నానాల గది తలుపుదాకా ఆరడుగులు నడిచి, అక్కడ చెయ్యడానికేమీ లేక తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

ఆర్లిస్ ఓట్స్ జావ గిన్నె కడుగుతోంది. తాళంచెవి ఆమె స్వెట్టర్ జేబులో ఉంది. అమెరికాలో, మినెసోటాలోని ఇంటి వీధితలుపుకి కూడా తాళం వేసే అలవాటు లేని మనిషి నిన్న దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

"తొమ్మిదవుతోంది. రేపు సాయంత్రానికల్లా వైట్‌హార్స్‌లో ఉంటామని రీడ్‌కి మాటిచ్చాం."

"ఇచ్చింది నువ్వు."

"పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆ మాట అతను అనకుండా ఉండాల్సింది. ఆర్లిస్ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

కూతురు మారిట్ పోయి పధ్నాలుగు నెలలైంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే అల్లుడు రీడ్ పిల్లని తీసుకుని, కెనడాలో ఉత్తరాన ఉన్న తన ఊరు వైట్‌హార్స్‌కి వెళ్లిపోయాడు. అతని తప్పేం లేదు, తల్లీ చెల్లెళ్లూ అక్కడే ఉన్నారు. అప్పటినుంచీ మనవరాలు సిగ్ని వీళ్లకి ఫోనులో గొంతుగా మాత్రమే మిగిలింది. ఇన్నాళ్లకి రీడే నోరు తెరిచి, ఒక వారం మీ దగ్గరుంచుకోండి, మీ బండిలో తిప్పండి, ఏటి పక్కన పడుకోబెట్టండి అన్నాడు. ఆ ఒక్క వారం కోసమే ఆరు రోజులుగా పరాయి దేశంలో, అలాస్కా హైవే మీద ఈ ప్రయాణం. ఇంకా నాలుగొందల మైళ్ల పైచిలుకు ఉంది.

"నిన్న నేను ఎక్కడ నిలబడ్డాను?" అని అడిగింది ఆర్లిస్, గిన్నె బోర్లించి.

"బండి వెనక."

"వెనక ఎటు?"

"కుడివైపు. ఎప్పుడూ నిలబడేచోటే."

"చేతులెలా పెట్టాను?"

వెర్లిన్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆర్లిస్ ముప్పై ఒక్క సంవత్సరాలు మూడో తరగతికి పాఠాలు చెప్పింది. తెలిసి ఆలోచిస్తున్న పిల్లవాడెవడో, తెలియక వెతుక్కుంటున్నవాడెవడో ఆమె ముఖం చూడకుండానే చెప్పగలదు.

"రమ్మని ఊపుతున్నావు."

"రెండు చేతులూ అడ్డంగా పెట్టి తలమీదికి ఎత్తాను. ఆగమని."

"ఎండ కళ్లలో పడింది."

"నిన్న మబ్బు."



ఈ బండి కొన్న తొలి వేసవిలో, తమ పెరట్లోనే, అతనామెకి ఈ విద్య నేర్పాడు. బండి వెనక్కి తీసేటప్పుడు నువ్వు కుడివైపు అద్దంలో ఉండాలి. నీ చేతుల్ని బట్టి నేను తిప్పుతాను. నువ్వు అద్దంలో లేకపోతే నా కాలు బ్రేకు మీద ఉంటుంది. ఇది అతని సొంత నియమం. పాల ట్యాంకరు నడిపిన ముప్పై ఎనిమిదేళ్లలో పాడిరైతుల కొట్టాల మధ్య సందుల్లోకి వెనక్కి పోనిస్తూ నేర్చుకున్నది. పంతొమ్మిదేళ్లుగా రాత్రికి ఆగే ప్రతి క్యాంపులోనూ వాళ్లిద్దరూ అలాగే బండి నిలిపారు.

నిన్న సాయంత్రం ఆమె చేతులెత్తి నిలబడే ఉంది. బండి వస్తూనే ఉంది. ఆఖరి క్షణంలో ఆమె పక్కనున్న పొదల్లోకి పడింది. బండి వెనక బంపరు ఆరుబయటి భోజనాల బల్లని కొట్టి ఆగింది.

"నువ్వు తప్పుకున్నావనుకున్నాను," అన్నాడు వెర్లిన్.

"అద్దంలో నేను లేకపోతే ఆగాలన్నదెవరు?"

"బల్లకి చెక్క లేచింది. అంతేగా. ఇంతకంటే ఘోరంగా జరిగుండొచ్చు."

అది అతని ఊతపదం. మంచులో ట్యాంకరు గోతిలో దిగబడినా అదే, పెరట్లో చెట్టు కారు మీద పడినా అదే. మారిట్‌కి జబ్బేమిటో తేలిన రోజున డాక్టరు దగ్గర కూడా అలవాటుకొద్దీ అదే అన్నాడు. ఆ తర్వాత ఆ మాట అతని నోట ఆమె వినలేదు. ఇవాళ మళ్లీ వచ్చింది.

ఆర్లిస్ చేతులు తుడుచుకుని, తువ్వాలు తీసుకుని బయటికి నడిచింది.

*

క్యాంపుల్లో ఒక మర్యాద ఉంది. సాయంత్రాలు కొత్త బండి వస్తే అందరూ కుర్చీలు అటు తిప్పుకుని చూస్తారు. మొగుడు ఎటు తిప్పుతున్నాడో, పెళ్లాం ఎటు చూపిస్తోందో, ఏ బండిలో ఎలాంటి కాపురమో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. కానీ ఎవరూ నోరు మెదపరు. మొగుడూ పెళ్లాల మధ్య మూడోమనిషి చెయ్యి ఊపకూడదు. నిన్న కూడా అందరూ చూశారు, తర్వాత ఎవరి పొయ్యి వాళ్లు చూసుకున్నారు.

పక్క జాగాలో చిన్న వ్యానులో ఒంటరిగా తిరుగుతున్న ఒడీల్ అనే ఆవిడ పొట్టి గొడ్డలితో పుల్లలు చీలుస్తోంది. క్విబెక్‌లో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. కాళ్లకి రబ్బరు బూట్లు.

"నిన్న చూశాను," అంది తల ఎత్తకుండానే.

"అందరూ చూశారు," అంది ఆర్లిస్.

"అందరూ బల్లని చూశారు. నేను మీ ఆయన మెడని చూశాను."

ఆర్లిస్ ఆగింది.

"పక్కకి చూడాలంటే డ్రైవరు కళ్లు తిప్పుతాడు. మీ ఆయన గుడ్లగూబలాగా మెడంతా తిప్పుతున్నాడు. అదీ కుడికే. ఎడమకి ఏ బాధా లేదు." ఒడీల్ ఒక పుల్లని నిలబెట్టింది. "నాకు సంబంధం లేని విషయం. పొద్దున లేచి, నోరు మూసుకో ముసలిదానా అని నాకు నేనే చెప్పుకున్నాను. వినలేదు."

"చెప్పండి."

"మా డిపోలో ఒకాయన అలాగే తిప్పేవాడు. అందరం చూశాం. ఎవరం అడగలేదు."

"ఆయనకేమైంది?"

గొడ్డలి దిగింది. పుల్ల రెండు ముక్కలైంది.

"ఆయనకైతే ఏం కాలేదమ్మా," అంది ఒడీల్.

 ఎక్కడో ఎవరో మాంసం వేయిస్తున్న వాసన వస్తోంది. నాలుగు రోజుల కిందట రోడ్డు పక్కన మేస్తున్న అడవిదున్న, ఆర్లిస్ కేక వేసేదాకా వెర్లిన్‌కి కనిపించకపోవడం, అది కుడిపక్కే కావడం, అంతకుముందు పెట్రోలు బంకులో కుడి చక్రం గట్టు ఎక్కడం, ఇంకా వెనక మే నెలలో ఆమె పెట్టిన కాఫీ కప్పు కుడి మోచేతికి తగిలి పడిపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆ కప్పు పగిలినప్పుడు ఆమె విసుక్కుంది కూడా. కూతురి దిగులు మనిషిని పరధ్యానం చేసిందనుకుంది. ఇద్దరికీ జరిగే ప్రతిదాన్నీ ఏడాదిగా ఆ దిగులు ఖాతాలోనే వేస్తూ వచ్చింది.

"నీకు నడపడం వచ్చా?" అని అడిగింది ఒడీల్.

"కారు వచ్చు."

"అదీ కారే. కాస్త ఒళ్లు చేసిందంతే."

"నలభై మూడేళ్లలో ఆయన పక్కనుండగా నేను స్టీరింగు ముట్టుకోలేదు."

"ముట్టుకోనివ్వలేదా?"

"అడగలేదు."

"మీరిద్దరూ ఒక్క రోజు ఆగండి. ఈ మైదానం చుట్టూ తిప్పిస్తాను. పద్ధెనిమిదేళ్ల కుర్రకారుకే నేర్పినదాన్ని, నీకు నేర్పలేనా?"

ఆర్లిస్ జవాబు చెప్పేలోపు వెనకనుంచి ఇంజను చప్పుడు వినిపించింది.

బంపరు లోపలివైపు అయస్కాంతపు డబ్బాలో రెండో తాళంచెవి ఉంటుందన్న సంగతి ఆమె పూర్తిగా మరిచిపోయింది.

*

బండి కదల్లేదు. ఆమె పరుగెత్తలేదు. పరుగెత్తితే అందరూ కుర్చీలు తిప్పుకుంటారు. నడిచి వెళ్లి మెట్టెక్కి, అతని పక్క సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది.

వెర్లిన్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"నన్నొదిలేసి వెళ్లేవాడివా?"

"నువ్వొచ్చేసరికి సిద్ధంగా ఉంచుదామని."

"బండి చుట్టూ తిరిగి చూశావా?"

"రెండుసార్లు చూశాను. నీళ్ల గొట్టం చుట్టేశాను. చక్రాల కింద చెక్కలు తీశాను. అంతా అయింది."

"కరెంటు తీగ?"

వెర్లిన్ ఆమెవైపు తిరగబోయి ఆగాడు.

"తీగ ఇంకా స్తంభానికే ఉంది, వెర్లిన్. పసుపుపచ్చ తీగ. నా బొటనవేలంత లావుంటుంది."

అతను చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఒడీల్ గొడ్డలి దెబ్బలు మాత్రం ఒకటీ అరా వినిపించాయి.

"ఎప్పటినుంచి?" అంది ఆర్లిస్.

"ఏప్రిల్."

"ఎవరికి చూపించుకున్నావు?"

"బెమిజీ ఆసుపత్రిలో. కళ్లకేం కాలేదట. వెనక, మెదడులో, చిన్న నరమేదో పూడుకుపోయిందట. రెండు కళ్లకీ కుడి సగం లేదు." ఆ మాట పాల ధర చెప్పినట్టే చెప్పాడు. "నల్లగా ఏం ఉండదు. అక్కడ ఏమీ లేదని కూడా తెలియదు. అదే తమాషా."

"బండి నడపొద్దన్నాడా డాక్టరు?"

"నడపమనైతే అనలేదు."

"వెర్లిన్."

"వద్దన్నాడు."

ఆర్లిస్ ఎదురుగా ఉన్న అద్దంలోంచి రోడ్డువైపు చూసింది. ఏప్రిల్, మే, జూన్, జూలై. అన్ని నెలలూ ఆమె ఇలాగే అతని పక్కన కూర్చుని కిరాణాకి వెళ్లింది, చర్చికి వెళ్లింది, మారిట్ సమాధి దగ్గరికి వెళ్లింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు రీడ్‌కి చెప్పేదానివి."

"చెప్పేదాన్నే."

"రీడ్ పిల్లనిచ్చేవాడు కాదు."

"ఇచ్చేవాడు కాదు. నేనైనా ఇవ్వను."

"మరింకేం అడుగుతావు?" అన్నాడు. "ఒక్క వారం, ఆర్లిస్. మారిట్ ఆ వయసులో నా ట్యాంకరెక్కి, ఆ రైతు దగ్గరికీ ఈ రైతు దగ్గరికీ నాతో తిరిగేది. వాళ్లమ్మ ఎలా కూర్చునేదో ఆ పిల్లకి చెప్పేవాళ్లెవరున్నారు అక్కడ? ఒక్క వారం జాగ్రత్తగా నడుపుదామనుకున్నాను. మెల్లిగా."

"ఎక్కడ కూర్చోబెడదామనుకున్నావు సిగ్నిని?"

అతను స్టీరింగు మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"నేను కూర్చున్న ఈ సీట్లోనేగా? ఎదురుగా రోడ్డు చూడు. అలా చూస్తూ చెప్పు. నేను నీకు కనిపిస్తున్నానా?"

వెర్లిన్ రోడ్డువైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"వినిపిస్తున్నావు," అన్నాడు.

*

క్యాంపు ఆఫీసు నడిపే ఆవిడ వచ్చి కిటికీ తట్టింది. "మినెసోటావాళ్లేనా మీరు? వైట్‌హార్స్ నుంచి ఫోను. లైను పట్టుకునే ఉన్నాడు పాపం."

ఆ లోయలో సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. రోజూ ఆగినచోటి నుంచి రీడ్‌కి కబురు చెప్పాలన్నది అతను పెట్టిన ఒకే ఒక్క షరతు. నిన్న ఇక్కడినుంచే చేశారు. ఇవాళ అతనే చేశాడు.

ఆఫీసులో కౌంటరు మీద ఫోను పెట్టి, ఆవిడ దుప్పట్లు ఆరెయ్యడానికి వెనక్కి వెళ్లిపోయింది. రిసీవరు ఆర్లిస్ అందుకుంది. వెర్లిన్ వచ్చి, ఆమె తన ఎడమవైపు ఉండేలా నిలబడ్డాడు. లైను పాతది, అవతలి మాటలు ఇద్దరికీ వినిపిస్తున్నాయి.

"ఆర్లిస్, ఏమనుకోకండి, పొద్దున్నే చేస్తున్నాను." రీడ్ అత్తగారిని పేరు పెట్టే పిలుస్తాడు, కానీ ఆ పిలుపులో ఎప్పుడూ మర్యాద ఉంటుంది. "ఇక్కడ ఉత్తరాన అడవులు అంటుకున్నాయి. మా హెలికాప్టర్లన్నీ వెళ్తున్నాయి, మెకానిక్కులందరినీ రమ్మన్నారు. నేను ఎల్లుండి బయల్దేరాలి."

"అయితే సిగ్ని?"

"అదే అడుగుదామని. మా అమ్మకి మోకాలు ఆపరేషనైంది, లేవలేదు. చెల్లెళ్లిద్దరూ ఊళ్లో లేరు. వారమని అన్నాను కదా, దాన్ని మూడు వారాలు చెయ్యగలరా? మీరు ఇంత దూరం రానక్కర్లేదు. రేపు మధ్యాహ్నానికి నేనే పిల్లని తీసుకుని దారిలో ఉన్న వాట్సన్ లేక్‌కి దిగొస్తాను. అక్కడ మీకు అప్పగించి వెనక్కొచ్చేస్తాను."

మూడు వారాలు. ఆర్లిస్ లెక్కపెట్టుకుంది. ఇరవై ఒక్క పొద్దుటిపూటలు. ఇరవై ఒక్కసార్లు ఆ తల దువ్వడం.

"వెర్లిన్‌కి శ్రమవుతుందేమో అనుకున్నాను," అన్నాడు రీడ్. "కానీ మారిట్ ఒక మాట అంటూ ఉండేది. ఎవరు నడిపినా నాకు నిద్రపట్టదు, మా నాన్న నడిపితే మాత్రం ఎక్కిన అయిదు నిమిషాల్లో నిద్రపోతాను అని. ఇంకెవరి బండిలోనూ పిల్లని మూడు వారాలు పంపేవాణ్ణి కాదు."

వెర్లిన్ కౌంటరు అంచు పట్టుకున్నాడు. ఆర్లిస్ రిసీవరు అతనికి అందించింది. చెప్పు అన్నట్టు చూసింది. అతను తలూపాడు.

"రీడ్," అన్నాడు వెర్లిన్.

"చెప్పండి."

"ఒక సంగతి చెప్పాలి నీకు."

"చెప్పండి. అంతా బాగానే ఉందా?"

కౌంటరు మీద ఒక గాజు సీసాలో చేపలు పట్టే గాలాలు అమ్మకానికి పెట్టారు. వెర్లిన్ వాటినే చూస్తున్నాడు.

"కుడివైపు టైరొకటి అరిగింది," అన్నాడు. "కాస్త మెల్లిగా వస్తాం. రేపు మధ్యాహ్నం దాటుతుందేమో. అంతే."

"ఫరవాలేదు, నేను ఆగుతాను. థాంక్స్, వెర్లిన్. మీరు లేకపోతే..."

వెర్లిన్ రిసీవరు మెల్లిగా పెట్టేశాడు.

బయట తాడు మీద తడి దుప్పటి విసిరి పరిచిన చప్పుడైంది.

"నువ్వు నడుపు," అన్నాడు వెర్లిన్ చివరికి. "ఆ బస్సావిడ నేర్పుతానంది కదా, విన్నాను. ఇవాళంతా నేర్చుకో. రేపు నువ్వే నడుపు. మూడు వారాలూ నువ్వే. నేను పక్కన కూర్చుంటాను. ఇంక రీడ్‌కి చెప్పాల్సిన పనేముంది?"

ఆర్లిస్ ఆ మాటని వెంటనే తోసెయ్యలేకపోయింది. అబద్ధమేమీ ఆడక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం వాళ్లిద్దరికీ బాగా వచ్చు. తను నడుపుతుంది, మెల్లిగా నడుపుతుంది. పిల్ల వెనక బల్ల దగ్గర కూర్చుని బొమ్మలేసుకుంటుంది. రీడ్ తన పని మీద తను పోతాడు. ఎవరికీ నష్టం లేదు.

"ఒక్క పూట నేర్చుకున్న చేతులతో కొండల మీద నడపనా?"

"మెల్లిగా."

"నువ్వు కూడా మెల్లిగానే అన్నావు."

"నేను నడపను, ఆర్లిస్. ఒట్టు."

"అయిదో రోజున నాకు నడుం నొప్పొస్తుంది. రోడ్డు తిన్నగా ఉంటుంది, ఎదురుగా ఎవరూ ఉండరు. పది మైళ్లు నేను పట్టుకుంటాను, నువ్వు కాసేపు పడుకో అంటావు. నేను అప్పుడు వద్దనలేను. నాకు నా సంగతి తెలుసు."

"నామీద నమ్మకం లేదా?"

"నిన్న సాయంత్రం నీ బండి వెనక నిలబడ్డాను. ఇంకెంత కావాలి?"

వెర్లిన్ ముఖం అప్పుడు ముసలిదైంది. అతని దగ్గర ఊతపదం కూడా లేదు.

"చెప్తే మళ్లీ ఇవ్వడు," అన్నాడు. "ఈ మూడు వారాలే కాదు. నాలుగు నెలలు దాచానని తెలిశాక, ఇంక ఎప్పుడూ ఇవ్వడు. నేనైనా ఇవ్వను. మారిట్ పోయింది. ఇప్పుడు దీన్ని కూడా నీ చేత్తో..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆమె పూర్తి చెయ్యమనలేదు. అతను చెప్పింది నిజమేనని ఆమెకి తెలుసు. పిల్లకి దూరమైనా సరే, రీడ్‌కి చెప్పాల్సింది తనే. అతనివల్ల కాదు. ఇందాకే తేలింది.

ఆర్లిస్ రిసీవరు ఎత్తింది. వైట్‌హార్స్ నంబరు ఆమెకి కాగితం చూడకుండా వచ్చు. పధ్నాలుగు నెలల ఆదివారాలు నేర్పిన నంబరు.

వెర్లిన్ చెయ్యి ఫోను మీదికి వచ్చింది. నొక్కితే లైను తెగిపోతుంది. నొక్కలేదు, తియ్యనూ లేదు. అలాగే ఉంచాడు. అవతల మోగుతోంది.

ఒకసారి. రెండుసార్లు. మూడోసారి సగంలో ఎవరో ఎత్తారు. ఎత్తిన చెయ్యి చిన్నదేమో, రిసీవరు జారి నేలకి తగిలి, మళ్లీ పైకొచ్చిన చప్పుడు.

"హలో," అంది సిగ్ని. "నేను సర్దుకున్నాను. అన్నీ నేనే సర్దుకున్నాను. బూట్లు కూడా."

ఆర్లిస్ కళ్లు మూసుకుంది. "మంచిదమ్మా. నాన్న ఉన్నాడా?"

"ఉన్నాడు. కారు కడుగుతున్నాడు," అంది సిగ్ని. "పిలవనా, అమ్మమ్మా?"